మండల స్వరూపం, మూడో పట్టిక

ఉత్తరాన కృష్ణ లేదు.
గుంటూరు ఆఫీసులో కొత్త టైపిస్టు ఉందనే కొట్టేశాడు,
కొట్టివేయించాను.
ఉత్తరాన ఉన్నది ఇంకో మండలం,
మధ్యన ముళ్ళతుమ్మ పట్టిన డొంక.
తూర్పున వాగు. పడమర క్వారీ గుంటలు.
దక్షిణపు హద్దు తహసీల్దారుకీ సరిగ్గా తెలీదు,
అక్కడ రెండు మండలాల కుక్కలూ
ఒకే వేపచెట్టు కింద పడుకుంటాయి.

విస్తీర్ణం పధ్నాలుగు వేల చిల్లర హెక్టార్లు.
చిల్లర ఎంతో ఏటా వాగు చెబుతుంది.

నేల రేగడి.
వానొస్తే చెప్పు ఉండిపోయి కాలొక్కటే వస్తుంది,
ఎండకి విచ్చిన నెర్రెలో కొడవలి పడితే
మళ్ళీ తొలకరికే దొరుకుతుంది.
మిర్చి, పత్తి, కాలవ కింద కాస్త వరి.
కాలవకి మేం చివర.
నీళ్ళొదిలారన్న కబురు ముందొస్తుంది,
నీళ్ళు నడిచొస్తాయి.

ఆసుపత్రి ఒకటి, పడకలు ఆరు.
ఆరోదాని మీద పాత ఫైళ్ళు పడుకున్నాయి.
సినిమా హాలు ఒకటి, ఇప్పుడు పత్తి గోడౌను.
నేల టికెట్టు కిటికీ అలాగే ఉంది,
శనివారం శనివారం అందులోంచి కూలి డబ్బులిస్తారు.
చెయ్యి లోపలికి పెట్టేటప్పుడు
మా వీధి సామ్రాజ్యం ఇప్పటికీ అంటుంది,
"రెండు ముందు వరసలో ఇవ్వవయ్యా."

వర్షపాతం నా పని.
ఆఫీసు వెనక సిమెంటు దిమ్మె మీద
పదకొండేళ్ళుగా పొద్దున ఎనిమిదిన్నరకి గరాటా ఎత్తి చూస్తున్నాను.
పిల్లాడు పుట్టిన రోజు ఇరవైరెండు పాయింటు నాలుగు.
మా నాన్న పోయిన రోజు సున్నా.
ఆ రెండు రోజులూ చూసింది అటెండరు కోటిలింగం,
అయినా ఆ అంకెల్ని నమ్ముతాను.

రెవెన్యూ గ్రామాలు పదిహేడు.
పదహారింట్లో మనుషులున్నారు.
పదిహేడోది భట్లఖండ్రిక:
ఇళ్ళు సున్నా, జనాభా సున్నా,
అక్షరాస్యులు సున్నా, నిరక్షరాస్యులూ సున్నా.
కలరాకి ఖాళీ అయిందని కొందరు,
అసలెప్పుడూ ఎవరూ లేరు,
శిస్తు కోసం పెట్టిన పేరని మా పాత కరణంగారి మనవడు.

పోయిన మాఘంలో పంట అంచనాకి వెళ్ళాను.
ఊరు లేనిచోట ఊరంత ఎరుపు.
కళ్ళాల నిండా కాయలు,
తుమ్ముకీ తుమ్ముకీ మధ్య తాటాకు పాక,
పాక ముందు రెండు కోళ్ళు, ఒక నీళ్ళ డ్రమ్ము,
షేక్ మస్తాన్‌బీ.
పుష్యం నుంచి చైత్రం దాకా ఇక్కడే,
కాయలకి కాపలా, పదహారేళ్ళుగా.

"ఏం రాసుకుంటున్నారు సారూ?"
ఈ ఊళ్ళో ఎందరున్నారో అన్నాను.
కాయల్ని కాలితో తిరగేస్తూ ఆలోచించింది.
"లేననే రాయండి.
ఉన్నానని రాస్తే
అక్కడ నా బియ్యం కార్డు కోసేస్తారు."

సున్నా కొట్టెయ్యలేదు.
కొంచెం పెద్దగా దిద్దాను,
మోకాళ్ళు ముడుచుకుంటే ఒక మనిషి పట్టేంత.

మార్చిలో ఒక రాత్రి, చెప్పాపెట్టకుండా
రేకుల మీద చప్పుడు మొదలైంది.
తెల్లారి గరాటాలో తొమ్మిది పాయింటు ఆరు.
మండలం మొత్తానికీ గరాటా ఒకటే,
భట్లఖండ్రికలో ఎంత పడిందో రాయడానికి గడి లేదు.

ఆఫీసులో పట్టా అంటే భూమి.
కళ్ళంలో పట్ట అంటే కాయల మీద కప్పేది,
సంతలో ఎనిమిది వందలు, నీలం రంగుది.

రిజిస్టరు మూసి
కోటిలింగాన్ని బండి తియ్యమన్నాను.
"ఏ ఊరు సార్?" అన్నాడు కిక్కు కొడుతూ.
పేరు చెప్పాను.
"అక్కడెవరున్నారు?" అన్నాడు.