ఎనిమిదో నంబరు గుడారం

మూడేండ్ల సంది మూలకు పడ్డ మూట
మన్ననూరు స్టోరుల విప్పంగనే
అటెండరు జంగయ్య ముక్కు మూసుకొని గడప దాటిండు.
నేను దాటలే.
రిజిస్టరుల అది నా సంతకం కింద ఉన్నది.

ఏం వాసన!
తడిసిన గొంగడి, ఎలుక ఉచ్చ,
వానకు మురిగిన పుట్టగొడుగు,
నడుమ ఎక్కన్నో గ్యాసునూనె.
అన్నిటి కింద, ఎంత దులిపినా లేవని మనిషి వాసన.
పులుల లెక్కకు పోయినోళ్లు
ఏడు రాత్రులు దీంట్ల పండుకున్నరు.
పులి కండ్లవడలే.
దాని అడుగొక్కటి కాయితం మీద గీసుకొచ్చిండ్రు,
చెమటంతా బట్టకిచ్చి పోయిండ్రు.

కొత్తది కావాలని సారు పైకి రాసిండు.
ఉన్నదే వాడుకోమని పైనుంచి జవాబొచ్చింది.
ఆ మాట నాకు కొత్త గాదు.
స్టవ్వు గురించి మా అత్త గూడ అదే అన్నది.

సర్ఫు డబ్బ తెస్తె బయ్యన్న చెయ్యి అడ్డం వెట్టిండు.
"అది తాగితె బట్ట నీళ్లను పిలుస్తది.
కుంకుడుకాయలు కొట్టు."
నిమ్మల బయ్యన్న, బేసు క్యాంపు వాచరు.
మాటలను బీడీల లెక్క
దినానికిన్నని దాచుకొని వాడుతడు.

బోరింగు కాడ బండ మీద పరిచినం.
పండ్లు తోమిన పాత బ్రష్షుతోని
కుట్టు కుట్టుకు రుద్దిన.
మొదటి నురుగు చాయ్ రంగు,
రెండోది చెరువు మట్టి,
ఐదోది ఎట్లనో తెల్లవడ్డది.
నల్ల మచ్చలకు నిమ్మకాయ, దొడ్డుప్పు.
లోపటి జేబుల రెండు బీడీలు,
దేవరకొండకు బస్సు టికెట్టు,
ఒక తాయెత్తు దారం.
తలకాడి బట్ట మీద పెన్నుతోని అంకెలు,
పద్నాలుగు, పదిహేను, పదహారు, అన్నీ కొట్టేసినయ్.
పదిహేడు కొట్టెయ్యలే.
ఎవలో ఇంటికి పోయే దినాలు లెక్కవెట్టుకున్నట్టున్నది.
బ్రష్షును ఆ అంకెల చుట్టు తిప్పిన,
మీదికి పోనియ్యలే.

రెండు దినాలు నీడకు ఆరవెట్టినం.
మూడో దినం బయ్యన్న మూట విప్పిండు,
పచ్చటి మైనం ముద్ద.
కొండచరియ మీద తేనె తీసేటప్పుడు
తాడు బామ్మర్దే పట్టుకోవాలెనంట.
వేరేటోడు పడితె దిగరంట.
ఎందుకని అడిగితె
"ఇడిస్తె ఆని చెల్లెకే గద నష్టం" అన్నడు.
ఆ దినం మాటలు అంతటితోని ఒడిసినయ్.

మైనం నీళ్ల గిన్నెల వెట్టి కరిగిచ్చినం,
వేడి వేడిగ గుడ్డపేలికతోని పూసినం.
గట్టిపడి తెల్లగ పొక్కులు లేసింది.
"ఇస్త్రీ కావాలె" అన్న.
బొగ్గుల పెట్టె తెచ్చిండు అంజిలయ్య, మొత్తుకుంటనే.
"రేపు ఎస్సై చొక్కాకు మైనమంటితె
నా బతుకేం గావాలె చెల్లె?"
అయినా గీతలు పడకుంట రుద్దిండు,
పెండ్లి పంచె రుద్దినంత జాగ్రత్తగ.
మైనం నూలు లోపటికి ఇంకింది.
గుడారం రంగు ముదిరింది,
కాగిన నెయ్యి చాయకొచ్చింది.

లోపట జంగయ్యను కూసోవెట్టి
మీదికెల్లి నాలుగు బిందెలు కుమ్మరిచ్చినం.
నీళ్లు గోలీలోలె ఉరికి కిందవడ్డయ్.
"ఓ అక్కా!"
నడినెత్తి మీద ఒకటే చుక్క, ఒకటే కుట్టు సందుల.
ఆడ ఇంకింత మైనం నూకినం.
జంగయ్య లోపటికెల్లి బయటికి రాలే.
"మంచిగుందే వాసన" అన్నడు,
మొన్న ఉరికిన మనిషి.

గుడారం ఫర్హాబాదు అవతలికి పోయింది.
రాత్రంతా వాన.
మా రేకుల ఇంట్ల గిన్నెలు పరుసుకుంట
నాకు దాని మీదనే పాణం.

తెల్లారి వైర్‌లెస్సుల గరగర.
"తడి లేదు. మంచిగ పండుకున్నం.
కని రెండు గొట్టంగ ఎవలో బయట ఊపిరి దీసిండ్రు.
ఎలుగుబంటి.
పొద్దువొడిచేదాక
ఒక తట్టు బట్టనంత నాకింది.
మేం లోపట చేతులు పట్టుకొని కూసున్నం."

రిజిస్టరుల లోపాల గడి ఉంటది.
చానసేపు పెన్ను పట్టుకొని కూసున్న.
"ఒక తట్టు మైనం తక్కువ" అని రాసిన.

బయ్యన్నకు చెప్పిన.
తాడు దిక్కు చూసిండు.
బామ్మర్ది ఊర్లె లేడంట.