నీళ్ళు అక్కడివే

కొవ్వు ఎండదు. మొదటి పాఠం అదే.
నీరు దిగిపోతుంది, కొవ్వు మొండికేసి కూర్చుని
నెల తిరక్కుండానే కనరు కొడుతుంది.
అందుకే వాలబీ ఖీమా వేయించాక
కాగితం మీద కాగితం వేసి అద్దుతాను,
జ్వరం పట్టిన నుదురు అద్దినట్టు కాదు,
బూటుకంటిన బురద తుడిచినట్టు, విసుగ్గా.

గీవ్‌స్టన్‌లో మూడు రోజులుగా వాన.
బట్టలుతికే గదిలో ఎండబెట్టే యంత్రం
పది గంటలు ఒకే శ్రుతిలో గొణుగుతుంది.
బఠానీలు ఆరిపోతూ కూడా
నీళ్ళలో నానిన వేళ్ళలా ముడతలు పడతాయి.
బంగాళాదుంప ముక్కలు గోళ్ళలా గలగలమంటాయి.
టొమాటో రసం తోలవుతుంది,
నాలుక మీద పెడితే
మళ్ళీ టొమాటో అవుతానంటుంది.

కిలో కూర నూట తొంభై గ్రాములు.
తూకం దగ్గర కాస్త గర్వపడతాను, ఒప్పుకుంటాను.
మిగతాదంతా కిటికీ అద్దం మీద చెమటై, ధారలై
కింద పరిచిన తువ్వాల్లోకి ఇంకింది.
అది మెరిన్ వీపు మీంచి నేను దించిన బరువు.

మెరిన్‌కి అరవై మూడు. తోడు ఒటిలీ, ఒక మోకాలు ఇనపది.
ఆరు రాత్రులు, దీవి నైరుతి కొసన, జలగల దారి.
ఒకప్పుడు ఆ దారిలో ముందు నడిచింది నేను.
ఇప్పుడు నా ఊపిరితిత్తులు పోస్టాఫీసు దాకా వస్తాయి,
తిరుగు ప్రయాణానికి బేరమాడతాయి.
కాబట్టి వంట నాది.

సంచుల మీద లావు అక్షరాలతో రాస్తాను:
రెండో రాత్రి. ఖీమా, బార్లీ. నీళ్ళు ఈ గీత దాకా.
ఇరవై నిమిషాలు ఆగు. నిజంగా ఆగు.
నాలుగో రాత్రి. గుమ్మడి, పప్పు. ఉప్పు తక్కువ, కావాలనే.
ఐదో దాని మీద ఏం రాయాలో తోచక
ఒటిలీకి ముందు పెట్టు, అని రాశాను.

వాళ్ళు వెళ్ళిన సాయంత్రం ఆరింటికి
ఫ్రిజ్ తెరవలేదు.
అందులో కోడి ఉంది, నవనవలాడే క్యారట్లున్నాయి.
అలమర వెనక దాచిన చిన్న సంచి తీశాను.
మరిగిన నీళ్ళు గీత దాకా పోసి,
ఉన్ని టోపీలో చుట్టి,
వంటింటి బల్ల ముందు చలికోటు వేసుకుని కూర్చున్నాను.
ఇరవై నిమిషాలు. నిజంగా ఆగాను.
సంచిలోంచే పొడుగు చెంచాతో తిన్నాను.
పొరుగింటి డెస్మా కిటికీలోంచి చూసి
పొయ్యి పాడైందా అంది.
అవునన్నాను. అది తేలిక.

ఆ వారమంతా మా పొయ్యి పాడైంది.

బార్లీ బాగానే కోలుకుంది. ఖీమా కొంచెం ఇసక.
గుమ్మడి ఎందుకో అలిగింది,
నానని ముక్కొకటి పంటికింద టప్పుమంది.
అక్కడ, డేరా గుమ్మంలో, ఆమెకీ టప్పుమందా?
ఐదో రాత్రి దగ్గు తెరిపివ్వలేదు.
ఆ సంచి అలాగే ఉండిపోయింది.

ఏడో రోజు వచ్చింది, జుట్టులో గడ్డిపరకలతో.
గుమ్మడి అదిరింది, అంది బూట్లు విప్పుతూ.
గుమ్మడా?
ఇంట్లో ఎప్పుడూ అంత బాగా కుదరలేదు.
ఆకలి, అన్నాను.
కాదు, నీళ్ళు, అంది.

వీపుసంచి అడుగు నుంచి సీసా తీసింది.
లోపల టీ రంగు నీళ్ళు,
గడ్డి వేళ్ళలోంచి, నల్లటి నేల్లోంచి
కొండ తీరిగ్గా దించుకున్న డికాషన్.
అర లీటరు. అంటే అర కిలో.
నేను గ్రాము గ్రాము దించిన బరువుని
నాలుగో మకాం నుంచి మోసుకొచ్చింది, పిచ్చిది.

నాకెందుకు ఇవి?
అలమర వెనక చిన్న సంచులు ఆరు,
నేనేం గుడ్డిదాన్నా, అంది.

ఒక్క సంచి, రెండు చెంచాలు.
గీత దాకా పోశాక సీసాలో
రెండు గుక్కలు మిగిలాయి. ఎవరం తాగలేదు.
ఇంకా కిటికీ దగ్గరే ఉన్నాయి, మూత లేకుండా,
రోజుకింత ఎండుతూ.