తాడు పట్టేవాడికి ఎన్ని పాయింట్లు

నియమాల పుస్తకం వెనక అట్ట మీద
ఒక నల్లటి నీడ వేసి వదిలేశారు.
నా దండుకి రాబోయే దళమట.
పేరు లేదు. చేతిలో ఏముందో తెలీదు.
"వచ్చే ఏడాది" అని మాత్రం ఉంది.

ఆ నీడ చుట్టూ మేం నలుగురం
గుదైబియాలో, లాండ్రీ షాపు పైన,
పోశెట్టి గదిలో, గురువారం రాత్రి.
రెండు మంచాలు లేపి గోడకానిస్తే
పాత తలుపు చెక్క యుద్ధభూమి అవుతుంది.
థర్మాకోల్ కొండలు. ఏసీ పెట్టె అట్టలతో కోట.
బొటనవేలంత మనుషులు, నా ఉప్పుకోట దండు,
నలభై రెండు మంది.
ఒక్కొక్కడి కనుగుడ్డూ నేను పెట్టిందే.

పగలు నేను పళ్లు చేస్తాను.
అద్లియాలో డెంటల్ ల్యాబు. ఎవరి ముఖమూ చూడను,
దవడ అచ్చులే వస్తాయి నా బల్ల మీదికి.
టీ మరకకీ సిగరెట్ మరకకీ తేడా తెలిసిన కుంచె
రాత్రిళ్లు కవచాలకి తుప్పు పూస్తుంది.

"డ్రాగనే" అన్నాడు రొడెల్, అనుమానమే లేనట్టు.
"పెద్ద పెట్టె, పెద్ద ధర. ముప్పై దీనార్లు, రాసిపెట్టుకోండి."
నీడలో రెక్కలేవీ అంటే
మడుచుకుందన్నాడు.

నేను ఉప్పుబండి అనుకున్నాను,
గాయపడ్డవాళ్లని ఎక్కించుకునేది.
చక్రాలకి ఏ రంగు వెయ్యాలో కూడా ఆలోచించేశాను.

పోశెట్టిది డక్టులు కోసే చెయ్యి, కొలతల మనిషి.
నీడ మీద స్కేలు పెట్టి,
"గిది మనిషే. వంగిండు. ఏందో గుంజుతుండు" అన్నాడు.
ఆయన కోరే దళం వేరు: ఎండ.
బొమ్మ ఉండదట, పసుపు బిళ్ల ఒక్కటే.
అది బల్ల మీద పడితే మూడు టర్నులు ఎవరూ కదలొద్దు,
రాజైనా, గుర్రమైనా.
"జులైల మిట్టమధ్యాహ్నం పని బందు లెక్క."
నవ్వాం. ఆయన నవ్వలేదు.
మెడ వెనక చర్మం ఆయనకి రెండు రంగులు.

జాఫర్ అప్పటిదాకా పాచికని అరచేతిలో తిప్పుతూ ఉన్నాడు.
ముహర్రక్ వాడు. తాతకి ముత్యాల పడవ ఉండేదట కదా అంటే
పడవ కాదు, పడవలో అప్పు ఉండేదని దిద్దాడు.
మునిగేవాళ్ల దళం రావాలన్నాడు.
ముక్కుకి తాబేటి చిప్ప, కాలికి రాయి,
బొమ్మ బల్ల కిందికి పోవాలి. నిజంగానే, బల్ల కిందికి.
శత్రువు వెనకాల ఎక్కడైనా తేలొచ్చు.
కానీ ఒక్కొక్కడికీ పైన ఒకడుండాలి, తాడు పట్టుకుని.
వాడికి కత్తి లేదు, డాలు లేదు, రెండు చేతులూ తాడుకే.
వాడు పడిపోతే
కిందున్నవాడు ఇక పెట్టెలోకే.

గొడవ అక్కడ మొదలైంది.
తాడు పట్టేవాడికి ఎన్ని పాయింట్లు?
సున్నా అన్నాడు రొడెల్, కొట్టడు కదా.
మునిగేటోనికన్నా రెండెక్కువ అన్నాడు పోశెట్టి.
మా నలుగురి హిందీ నాలుగు దిక్కులకి పోయింది.
కింద ఇస్త్రీ ఆవిరి ఆగింది, రెండయింది,
నా విలుకాళ్లు తొమ్మిదిమంది ఎక్కుపెట్టినవాళ్లు అలాగే ఉన్నారు.
జాఫర్ మాత్రం అంకె చెప్పలేదు.
"మావాళ్లకి లెక్క కట్టింది ఎప్పుడూ పడవ నఖుదాయే" అన్నాడు.

శనివారం ల్యాబు ఖాళీ.
మైనం కరిగించి, పంటి గాడి చెక్కే సూదితో
నడుం వంచాను, నీడ వంగినంత.
వేళ్లు కుదరలేదు. మూడుసార్లు కరిగించాను.
ఆయుధం పట్టే చెయ్యి తేలిక,
పిడికిలి బిగిస్తే అయిపోతుంది.
తాడు పట్టే చెయ్యి కాస్త వదులుండాలి,
కింద లాగితే తెలియాలి.

తాడుకి, పళ్ల సందుల్లో తీసే దారం.
నా కొత్త దళం పుదీనా వాసన వేస్తోంది.

రేపు రిఫాలో ఎవరికో వెళ్లాల్సిన దవడపన్ను పక్కన
చల్లారుతున్నాడు.
దారం రెండో కొస బల్ల అంచు దాటి
కిందికి వేలాడుతోంది.
ఎంత పొడుగు వదలాలో
జాఫర్‌ని అడగాలి.