సముద్రం, శాయంపేట మండలం

బోర్డు రాసే సాంబడు
"సముద్ర" దాకా రాసి నీలిరంగు అయిపోయిందన్నడు.
ఆర్నెల్లు అట్లనే ఉన్నది
వలల షెడ్డు మీద, తుప్పు రేకు మీద,
ఒట్టి సముద్ర.
పరకాల బస్సుల పోయేటోళ్లు
కిటికీలకెళ్లి తలకాయలు బెట్టి నవ్విన్రు.

సొసైటీ లెక్కలు రాసేటోన్ని నేను.
తీర్మానం గూడ నా చేతిరాతే:
పాత షెడ్డు పిల్లలకు ఈత నేర్పనీకి,
తెడ్డు పట్ట నేర్పనీకి,
మిగిలిన పొద్దు సముద్రం చెప్పనీకి.
ఆఖరి మాట కాడ నలుగురు సంతకం ఆపిన్రు.
"ఈత సరే. తెడ్డు సరే.
సముద్రమెందుకయ్యా, ఎడ్లకు తాపుతమా?"

కుసుమ ఏమనలే.
పదకొండేండ్లు విశాఖల, చేపల పరిశోధనశాలల
గాజు సీసాలు కడిగొచ్చిన మనిషి.
మాట్లాడే ముందు చేతులు తుడుసుకునే అలవాటు
ఇంకా పోలే.

మొదాలు తేలుడు నేర్పింది.
నాలుగు థర్మాకోల్ తెప్పలు, లారీ ట్యూబులు ఆరు,
హన్మకొండల పాతయి కొన్న నారింజ జాకెట్లు పన్నెండు,
అండ్ల మూడింటికి బకిల్ లేకుంటే నవారుతోని ముడేసినం.
ఒడ్డు మీద తల్లులు కొంగులు నోట్లె కుక్కుకున్నరు.
మా దిక్కు నీళ్లంటే బోరు, బిందె,
లేకుంటే ఎండకాలం సెలవులల్ల వచ్చే కబురు.

కొమురమ్మ రాదనుకున్నం.
ఆమె కొడుకు చెప్పుల జత
నాలుగేండ్ల కింద ఈ కట్ట మీదనే దొరికింది.
వచ్చింది.
చీర కాసె పోసి కట్టి
పిల్లల వరుసల ఆఖరికి నిలబడి
"నాగ్గూడ" అన్నది.
నడుము కింద కుసుమ అరచెయ్యి పెట్టింది,
ఎప్పుడు తీసిందో ఆమెకు తెల్వదు, మాకు తెల్వదు.
కండ్లు మూయకుంట చానాసేపు తేలింది.
బయటికొచ్చి కొంగు పిండుకుంట ఒక్కటే మాట:
"గింతేనా? గింత నేర్పెటోళ్లు లేకనేనా?"

ఆ మాట ఏ పద్దు కింద రాయాల్నో
నా లెడ్జర్ల గడి లేదు.

సముద్రం పాఠం వానపడ్డ నాడు మొదలైంది.
బకెట్ల చలివాగు నీళ్లు,
కిరాణం తరాజుల తూచిన ఉప్పు,
లీటరుకు ముప్పై అయిదు గ్రాములు.
"ఇగ నాలిక మీద ఏసుకోన్రి. సముద్రమిదే."
పిల్లలు ఉమ్మిన్రు, నవ్విన్రు, మల్ల నాకిన్రు.
అజ్మీర బిందు అడిగింది:
"గంత ఉప్పు ఎవలేసిన్రు మేడం?"
కుసుమ చేతులు తుడుసుకున్నది.
"మనమే.
మీ తండా కాడి చౌడు, మన గుట్టల రాయి,
వాన నాకి నాకి తీస్కపోయి వాగులేసింది.
వాగు మానేరుకిచ్చె, మానేరు గోదారికిచ్చె,
గోదారి అటు.
నీళ్లు మొగులై మల్లొచ్చినయి. ఉప్పు రాలే."
రేకుల మీద వాన.
సంతకం ఆపిన నలుగుట్ల ఒకడు, మునిగాల ఓదెలు,
తలుపు కాడ ఆరిపోయిన బీడి పట్టుకొని వింటున్నడు.

కార్తీకంల అతని వలల మలుగు పడ్డది.
మణికట్టంత లావు, నల్లగ, ఒకటే జారుడు.
నడుం నొప్పులకు మందని
అంగట్ల కిలో ఆరువందలకు ఎగబడతరు.
ఉత్తగ చూపియ్యనీకే షెడ్డుకు తెచ్చిండు.
"ఇది ఉప్పునీళ్లల్ల పుట్టింది" అన్నది కుసుమ.
"గాజుపుల్లంత ఉన్నప్పుడు ఏరు ఎదురెక్కింది.
గుడ్లు పెట్టనీకి మల్ల అటే పోతది.
నడుమ ఆనకట్టలున్నయి, గేట్లున్నయి.
ఎట్లొచ్చిందో నాకు తెల్వదు ఓదెలన్నా,
ఎట్ల పోతదో అంతకన్న తెల్వదు."

ఓదెలు దాని మొహంల చానాసేపు చూసిండు.
"అయితే గా బోర్డు దీని ఇంటిపేరా" అన్నడు.

తెల్లారగట్ల అలుగు అవతల, వాగుల ఇడిసిపెట్టిండని
బిందు చెప్తేనే తెలిసింది.
పొద్దెక్కినంక లెక్క కాడికొచ్చి నిలబడ్డడు.
"కిలోన్నర. తొమ్మిదొందలు. ఏం రాస్తవ్?"
అమ్మింది కాదు. చచ్చింది కాదు.
దొంగలు ఎత్తుకపోయింది కాదు.
"సాగదోలినం అని రాయి" అన్నడు.

రాసిన. ఆడిట్ల అడుగుతరు. అడగనీ.

నిన్న సాంబడు డబ్బా పట్టుకొని నిచ్చెనెక్కిండు.
నీలి దొరకలేదట,
ఆకుపచ్చ తెచ్చిండు.