జీడి సొన

కాగితం మీద పద్నాలుగు ప్రశ్నలు.
"ఇతర కోర్సుల విద్యార్థులతో కలిసి నేర్చుకుంటే
నేను మెరుగైన వైద్యుణ్ణి అవుతాను."
ఎదురుగా ఐదు గళ్ళు.
క్యాంటీన్లో టీ చల్లారకముందే
అన్నిటికీ నడిమి గడిలో టిక్కు కొట్టేశాను,
తగువులో సాక్ష్యానికి పిలిస్తే
తల గోక్కునేవాడిలా.

మర్నాడు శ్రీకాకుళం పెద్దాసుపత్రి,
ఆడవాళ్ళ వార్డు, పదకొండో మంచం.
ఒక్క రోగిని నలుగురూ కలిసి చూడాలన్నారు.
ఎంబీబీఎస్ నేను. ఫార్మసీ హేమసుందర్. ఫిజియోథెరపీ లోకనాథం.
ఇంకా, సిస్టరు.
రెండు నెలలుగా ఇదే వార్డులో
నేను దూది అడిగితే దూది, సూది అడిగితే సూది
అందించిన చెయ్యి ఆమెది.
పేరెప్పుడూ అడగలేదు.

మంచం మీద మడ్డు దాలమ్మ, ఊరు పలాస.
పడుకుంటే ఊపిరాడదు, కూర్చుంటే కునుకు పట్టదు.
"ఏటి బాబూ, నలుగురొచ్చినారు?
నాదేటి అంత పెద్ద రోగమా?"

వేలికి క్లిప్పు తగిలించాను.
గీతలే. అంకె లేదు.
చూపుడువేలు, ఉంగరంవేలు, ఆ చెయ్యి, ఈ చెయ్యి,
పదివేళ్ళూ తిరిగాను
ఇంటినంబరు దొరకని పోస్టుమాన్‌లా.
వేళ్ళ కొసలు నల్లగా, మొద్దుగా,
మాడిన అట్టు అంచుల్లా.
గొంతు సవరించుకుని కేస్‌షీటులో రాశాను:
సయనోసిస్.
కింద గీత కూడా గీశాను.
ఆ మాట రాస్తున్నప్పటి సుఖం
నాకింకా గుర్తే.

"అది జీడి సొన, సార్."
వెనకనించి.
నా వయసే ఉంటుంది, సార్ అంటోంది.
"పిక్కలు కొట్టినోళ్ళకి సబ్బుకీ పోదు, కిరసనాయిలుకీ పోదు.
మా అమ్మకీ ఇంతే. రేషన్ మిషన్లో వేలు పడదు,
నెలనెలా డీలరుతో తగువే."
క్లిప్పు నా చేతిలోంచి తనే తీసుకుని
దాలమ్మ చెవిపోగు పక్కకి జరిపి
తమ్మెకు తగిలించింది.
తొంభై రెండు.

ముందు కోపమే వచ్చింది, అబద్ధమెందుకు.
పుస్తకంలో ఎక్కడుంది అనబోయి
దాలమ్మ చేతులు చూశాను.
ముప్పయ్యేళ్ళ పని అచ్చయి ఉంది వాటి మీద,
నేను చదివిన పుస్తకంలోనే అది లేదు.

ఆమె తలగడ కిందనించి మాత్రల మూట తీసింది.
హేమసుందర్ రెండు అట్టలు కిటికీ వెలుగులో పెట్టి
చాలాసేపు చూశాడు.
"రెండూ ఒకటే మందు. పేర్లే వేరు.
ఒకటి పలాసలో రాశారు, ఒకటి మనం రాశాం."
లేస్తే కళ్ళు తిరుగుతున్నాయని
మూడ్రోజులుగా చెబుతోంది దాలమ్మ.
నీరసం అని రాసింది నేనే.
అతను మాత్రం మనం అన్నాడు.

లోకనాథం ఊపిరి పాఠం మొదలెట్టాడు:
"మూతి ముడిచి నెమ్మదిగా ఊదమ్మా."
"ఓలమ్మా, పొయ్యి ఊదినట్టేనేటి?
ఊదీ ఊదీ కదా నానిలాగయిపోనాను!"
ఆమె నవ్వింది, మేమూ నవ్వాం,
నవ్వు దగ్గయింది, దగ్గు ఆగలేదు.
పాఠం అక్కడే ఆగిపోయింది.
పక్క మంచాల నించి తలగడలు అడిగి తెచ్చి
వీపు వెనక మూడు పేర్చి
పడిపోకుండా పట్టుకుని నించున్నాడు లోకనాథం.
ఆ మధ్యాహ్నం ఆమె గంటసేపు నిద్రపోయింది.

సయనోసిస్ కొట్టేశాను.
కొట్టేసిన చోట సంతకం పెట్టాలి, నియమం.
పక్కన ఏం రాయాలో తోచలేదు.
జీడి సొనని ఇంగ్లీషులో ఏమంటారని అడిగితే
ఆమెకీ తెలీదు.
తెలుగులోనే రాశాను.
ఎవరు చెప్పారో కూడా రాయాలిగా,
అప్పుడడిగాను పేరు.
కొర్ల ఢిల్లేశ్వరి.

సాయంత్రం మళ్ళీ అదే కాగితం,
అవే పద్నాలుగు ప్రశ్నలు.
నడిమి గడి మీద పెన్ను ఆగింది.
పక్క బెంచీలో ఢిల్లేశ్వరి ఎప్పుడో నింపేసి
బస్సు వేళయిందని లేచింది.
ఏ గడిలో కొట్టిందో చూడాలనిపించింది.

కాగితం బోర్లా పెట్టి వెళ్ళింది.