కొర్లగుంట టోపీ

గంగజాతర ముగిసిన వారం
గుండు చేయించుకుని కొండ దిగాను.
మొక్కు సంగతి వదిలేయండి,
తమ్ముడు లేచి తిరుగుతున్నాడు, చాలు.
మూడో రోజే డ్యూటీ. బైరాగిపట్టెడలో
నాలుగొందల ఇళ్ల కరెంటు మీటర్లు.

గంధం రాలిపోయింది. మిగిలింది తోలొక్కటే.
ఇన్నేళ్లూ ఎండ ముందు జడకి చెప్పేది,
జడ వీపుకి చెప్పేది,
వీపు నాకు చెప్పేలోపల ఇల్లొచ్చేసేది.
ఇప్పుడు మధ్యవర్తులెవరూ లేరు.

దిల్షాద్ బీ మిషను ఆపి చూసింది.
"ఏం మే మునిలచ్చిమీ,
బోర్లించిన చెంబు మాదిరి ఉండాదే నీ తల.
రా, ఈడ కూచో."
మెడలో టేపు తీసి నుదుటి చుట్టూ తిప్పింది.
ఇరవై ఒకటిన్నర.
రవికల కొలతలు తప్ప ఏమీ ఎరగని ఆ నోటుబుక్కులో
మొదటిసారి ఒక తల.

బస్టాండు కాడ పూలమ్మే కుప్పమ్మది
పోయిన తుపానుకి ఊచలు విరిగిన గొడుగు.
గొడుక్కి ఎనిమిది ముక్కలు, టోపీకి ఆరు.
"వానని ఎరిగిన గుడ్డ, ఎండ దానికో లెక్కా" అంది.
లోపలికి వాళ్లాయన లుంగీ,
ఉతికి ఉతికి చంటిబిడ్డ చెవంత మెత్తనైనది.
వెనక బిగించే క్లిప్పు
మనవడి మూడో తరగతి సంచీది,
ఇంకా కాస్త పులిహోర వాసన.

ఇక ముందుకు రావాల్సిన చూరు.
అట్ట పెడితే చెమటకి నానిపోతుందని
మిషను కింద చుట్టి పెట్టిన ఫ్లెక్సీ లాగింది.
ఎవరో వార్డుకి నిలబడి ఓడినాయన,
ఆరడుగుల మనిషి, అరగజం నవ్వు.
నాలుగు మడతలేసి
కత్తెరతో నెలవంక కోసింది.
ఆయనలో ఏ భాగం నాకొచ్చిందో
ఇద్దరమూ చూడలేదు.

అరవై అని చెప్పి నలభై తీసుకుంది.

ఎయిర్ బైపాస్ రోడ్డు షాపులో కూడా ఒకటి చూశాను.
నీళ్ల సీసాలు కరిగించి తీసిన దారమంట,
భూమికి మేలంట, రెండు వేల చిల్లరంట.
మంచిదే, కాదనను.
కానీ ఆ సీసాల్లో ఎవరెవరి దాహముందో
దానికి కట్టిన చీటీలో రాయలేదు.

జీవకోన కుక్కలు రెండు రోజులు అనుమానించాయి.
ఒక పిల్లోడు, అక్కా నువ్వు బౌలరా, అన్నాడు.
బిల్లు చూసి గొణిగే పెద్దాయన
ఆ రోజు గొణగడం మరిచి నా నెత్తినే చూశాడు.
నేను మాత్రం నీడలో ఉన్నాను,
నాతో పాటు నడిచే జానెడు నీడలో.

అప్పుడప్పుడూ అనుకుంటాను:
కొండ మీద ఇచ్చిన జడ
వేలంలో ఏ ఊరు పోయిందో,
ఏ తల మీద ఉందో, ఆ తలకి సరిపోయిందో లేదో.

ఆషాఢంలో చూరు అంచున కుట్లు విడిపోయాయి.
సందులోంచి ముందు ఒక గోరు,
తర్వాత వేళ్లు,
తర్వాత రెండు చేతులు, జోడించి.
నవ్వు పడలేదు. నమస్కారం పడింది.
ఆయనకి ఓటెయ్యని గడపలన్నిటికీ
నా నుదుటి మీది నుంచి
రోజూ దండం పెడుతూనే ఉన్నాడన్నమాట.
కుట్టించలేదు. అట్లాగే ఉండనిచ్చాను.

బస్టాండు కాడ కుప్పమ్మ ఒకరోజు
మూర కొలుస్తా కొలుస్తా ఆగింది.
"నా గొడుగే గదమే అది."
అవునన్నాను.
అరచెయ్యి నా నెత్తిన పెట్టి
గుడ్డని నిమిరిందో నన్ను నిమిరిందో.
తుంచిన కనకాంబరాలు చేతిలో పెట్టుకుని
యాడ పెట్టాలో తెలీక నా తల చుట్టూ తిరిగింది.
జుట్టింకా అంగుళమే.
చివరికి వెనక్కి వచ్చి
సంచీ క్లిప్పులో దూర్చింది.
డబ్బులు తీసుకోలేదు.

క్లిప్పుని ఒక మెట్టు వదులు చేసుకున్నాను.
ఇంకా పదకొండిళ్లున్నాయి.
మొదటి మీటరు మీద బల్లి ఉంటే అదిలించి
అంకెలు రాసుకున్నాను.