వత్తు లేని మాట

ఫాతిమానగర్‌ల పైపోర్షన్, రాత్రి పదకొండున్నర.
కిటికీ అవతల కాజీపేట జంక్షన్
ఎవరినో పేరు పెట్టి పిలుస్తనే ఉంది.
కోడ్ పక్కన రాసుకున్న మాటల్ని ఏరి
పుస్తకంగా కుట్టే పనిముట్టుకు
నేను చెవులు పెడుతున్న.
దాని పేరు కుట్టు.

ఒక్క డాష్ అయితే ఒక్క అక్షరం,
రెండు డాష్‌లైతే నిండు మాట.
ఆప్షన్ల పేర్లన్నీ తెలుగులోనే పెట్టిన, నా పంతం.
'వివరం' అంటే చేసేదంతా చెప్పుకుంట చెయ్యి,
'మౌనం' అంటే నోరు మూసుకొని చెయ్యి.
రెండూ ఒక్క వరుసలోనే కొట్టేటోళ్లుంటరు.
వాళ్ల మీద నాకు కోపం రాదు,
బజ్జీల బండి కాడ నేనూ గంతే:
కారం వద్దు, మిరపకాయ మాత్రం పెద్దది.
చివర చెప్పిందే చెల్లుతదని రాసిన.

సెట్టింగుల ఫైలు ఒకటంటది,
చేత్తో కొట్టిన మాట ఇంకొకటంటది.
చేతిమాటదే గెలుపు.
ఫైలు నిన్నటిది, వేలు ఈ నిమిషానిది.

మొన్న జమ్మికుంట నుంచి ఫోన్.
పత్తి కాంటాల సాఫ్ట్‌వేర్‌కు మాన్యువల్ రాసే సారంగం.
"మేడం, మూడు నెలలాయె,
తెలుగు పేజీలు అడుగుతనే ఉన్న,
ఒక్కటన్న రాదాయె."

తీసి చూస్తే ఏముంది,
'భాష' కొట్టబోయి 'బాష' కొట్టిండు.
కుట్టు కిక్కురుమనలేదు.
తెలియని మాటను భుజం మీది దూదిలెక్క దులుపుకొని
నూట పన్నెండు పేజీలు ఇంగ్లీషులనే కుట్టి
సున్నా చూపించి పోయింది.
సున్నా అంటే మా దగ్గర
అంతా మంచిగనే ఉందని.

ఆ ఊకుండుడు నేర్పింది నేనే.
రెండేండ్ల కింద, ఒక్కటే లైను:
తెలియనిది వస్తే వదిలెయ్.
అప్పుడది మర్యాద అనుకున్న.

కింది ఇంట్ల యాకూబలీ సాబ్,
ముప్పై నాలుగేండ్లు పాయింట్స్‌మన్.
మెట్ల మీద చాయ్ తాగుకుంట అడిగిన,
సిగ్నల్ సమజ్ కాకుంటే మీరేం చేసేటోళ్లని.

"ఏం చేస్తమమ్మా, బండి ఆపుడే.
డ్రైవర్ తిడ్తడు, బోగీలల్ల పోరగాండ్లు ఏడ్తరు,
కంట్రోల్ నుంచి ఫోన్ మీద ఫోన్.
అయినా ఆపుడే.
అటు బల్లార్ష, ఇటు బెజవాడ.
అందాజ మీద లివర్ గుంజినమనుకో,
బండి పోతది.
ఆగకుండ, సాఫ్‌గ పోతది.
గదే మాకు భయం."

చాయ్ గ్లాసు ఆడనే మరిచి పైకొచ్చిన.
ఆ లైను తీసేసిన.
దాని జాగల ఇది రాసిన:
'బాష' నాకు తెలియదు.
'భాష' అనబోయిన్రా?
అడిగి, అక్కడనే ఆగాలె.
సున్నా కాదు, రెండు చూపించి ఆగాలె.
వత్తు తనంతట తాను పెట్టొద్దు.
దగ్గరి మాట ఏదో దానికి తెలుసు,
కావలసిన మాట ఏదో మనిషికే తెలుసు.

ఇంకొకటి మిగిలింది.
సారంగం ఫైళ్లల్ల ఒకదాని పేరు
డాష్‌తోనే మొదలైతది:
తేమకు కోసే తూకం లెక్క, '-తేమ'.
రైతుకు అది మైనస్సే, తప్పేమీ లేదు.
కుట్టు మాత్రం దాన్ని హుకుం అనుకొని బెదిరేది.
అందుకే, వెనక ఏ మాటా లేని ఉత్త రెండు డాష్‌లు.
అవి దాటినంక ఆజ్ఞలు లేవు.
అన్నీ ఒట్టి పేర్లే,
ఏ గీతతోటి పుట్టినా.

ఒంటిగంట దాటింది.
పరీక్షలల్ల ఏడు నడిచినయి, ఒకటి ఆగింది.
ఆగవలసిందే ఆగింది.
అవుటర్ దగ్గర గూడ్సు బండి ఒకటి
చీకట్ల నిలబడి హారన్ కొడుతుంది.

తెల్లారి సారంగం.
"మేడం, ఇయ్యాల అసలు పనే చేస్తలేదు, తిడ్తాంది!"
"ఏమని తిడ్తాంది, చదువున్రి."

అటు దిక్కు కాసేపు ఏ చప్పుడూ లేదు.
కాంటా మీదికి లారీ ఎక్కిన మోత.

"అవ్… వత్తు."